సాంచాల ఇంట్లో లింట్ రోలర్

సిరిసిల్లలో మా ఇంటి వెనక గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు ఉంటుంది. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలు అంటారు. అవి ఆడుతున్నంతసేపూ చప్పుడే కాదు, నూలు నుంచి ఊడిన సన్నటి నూగు కూడా ఇంట్లోకి వస్తుంది. కిటికీలు మూసినా ఆగదు. కోరుట్లలో పుట్టి పెరిగిన నాకు కాపురానికి వచ్చిన కొత్తలో ఇదంతా విచిత్రంగా ఉండేది. పొద్దున తుడిచిన సోఫా పగటి భోజనాల వేళకు బూజు పట్టినట్టు కనిపించేది. చీపురుతో దులిపితే ఆ నూగు లేచి, ఇల్లంతా తిరిగి, మళ్లీ వచ్చి సోఫా మీదే కూర్చునేది.

మా ఆడబిడ్డను జగిత్యాల ఇచ్చారు. కిందటి ఎండాకాలం ఆమె పసిపాపతో పుట్టింటికి వచ్చింది. వచ్చిన మర్నాడే పాపకు తుమ్ములు, దగ్గు పట్టుకున్నాయి. డాక్టరు చూసి, భయం లేదు గానీ పాపకు దుమ్ము పడటం లేదన్నారు. ఆ సాయంత్రమే ఆడబిడ్డ భర్త, మా ఇంటి అల్లుడు, కారు తెచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లాడు. అత్తమ్మ గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపి, లోపలికి వచ్చి, మనవరాలి కోసం కుట్టిన బొంతను మడతపెడుతూ "మన ఇల్లే దానికి పడకపాయె" అంది.

అందుకే, వేములవాడలో పాప పుట్టువెంట్రుకలు తీయిస్తామని, ముందురోజే మా ఇంటికి వస్తామని ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడు నాకు సంబరమూ భయమూ ఒకేసారి కలిగాయి.

"ఒక్క రాత్రే ఉంటం వదినా. పిల్లకు మల్ల దగ్గస్తె మీ తమ్ముడు ఊకోడు" అంది. అల్లుణ్ణి ఆమె నా దగ్గర మీ తమ్ముడు అనే అంటుంది.

ఆ రోజుల్లోనే ఒక పని మీద కోరుట్లలో మా అన్నయ్య ఇంటికి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు పాపకు బొమ్మ కొందామని బస్టాండు దగ్గరి ఫాన్సీ దుకాణంలోకి వెళ్లాను. దుకాణం పెద్దాయన కౌంటర్ వెనక కూర్చొని, తన నల్లకోటు మీద చిన్న పిడి ఉన్న రోలర్ లాంటిదేదో దొర్లిస్తున్నాడు. కోటు మీది తెల్లటి వెంట్రుకలన్నీ దానికి అంటుకుపోతున్నాయి.

"గదేంది చాచా?" అన్నాను.

"లింట్ రోలర్ బేటీ. మా ఇంట్ల పిల్లి ఉన్నది. పోయి పోయి నా కోటు మీదనే పంటది. గిది గిట్ల తిప్పితె బొచ్చంత అంటుకుంటది. కాయితం నిండినంక చింపేస్తె, కింద కొత్తది ఉంటది."

నా కళ్ల ముందు మా సోఫా మెదిలింది. "గుడ్డ సోఫా మీద పనిచేస్తదా?"

"నేనైతె కోటు మీదనే తిప్పిన. నువ్వు చేసి చూసి నాకు గూడ చెప్పు."

బొమ్మతో పాటు రోలర్, దానికి వేసే జిగురు కాగితపు చుట్టలు కొన్ని తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొని నేరుగా సోఫా దగ్గరికే వెళ్లాను. ఒక్కసారి తిప్పేసరికి గులాబీ రంగు చార ఒకటి బయటపడింది. మా సోఫా ఆ రంగుదన్న సంగతే నేను మరిచిపోయాను. ఇక నా చెయ్యి ఆగలేదు. కర్టెన్లు, దిండ్లు, పరుపు అంచులు, దోమల జాలీ, కుట్టుమిషన్ సొరుగు మూలల్లో దారపు ముక్కలు, టేబుల్ లైటు మీది గుడ్డ గొడుగు, అన్నింటి మీదా తిప్పాను. తడిగుడ్డ పెడితే మరకలయ్యే చోట్ల కూడా ఇది శుభ్రంగా ఎత్తేస్తోంది. చింపిన కాగితాలు కాళ్ల దగ్గర కుప్ప పడ్డాయి.

మా ఆయన షెడ్డు నుంచి వచ్చి కాసేపు చూశాడు. తర్వాత రోలర్ పిడిని ఒక పొడుగు కర్రకు కట్టి ఇచ్చాడు. దాంతో కర్టెన్ల పైభాగం, తలుపుల మీది గోడలు కూడా అందాయి. పాప ఉన్నన్నాళ్లు షెడ్డు వైపు తలుపుకు తడిదుప్పటి కడదామని, వచ్చిన రోజు సాంచాలు ఆపుదామని కూడా ఆయనే అన్నాడు.

అత్తమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. "అంటుకునే రొట్టెల బేలన్ తోటి ఇల్లు సాఫ్ అయితదా పిల్లా? చీపురు దేనికున్నది మరి?" అంది.

వాళ్లు వచ్చే రోజు, జగిత్యాల నుంచి కారు బయల్దేరిందని ఫోన్ వచ్చాక, అత్తమ్మ హడావుడిగా బొంత పరుస్తూ చెయ్యి మంచం కోడుకు కొట్టుకుంది. చేతి నిండా ఉన్న ఆకుపచ్చ మట్టిగాజులు పగిలి నేల మీద చెల్లాచెదురయ్యాయి. పాప ఇప్పుడు అంబాడుతోంది. అత్తమ్మ ముఖం తెల్లబోయింది.

పెద్ద ముక్కలు ఏరాం. ఊడ్చాం. అయినా ఎండ పడిన చోట నేల ఇంకా మిలమిల మెరుస్తూనే ఉంది. నేను రోలర్ తెచ్చి, గది ఈ మూల నుంచి ఆ మూలకు, తర్వాత బొంత మీద, మంచం కింద మెల్లగా దొర్లించాను. కాగితం చింపి కిటికీ దగ్గర పట్టుకున్నాను. దాని మీద ఆకుపచ్చ గాజుపొడి చక్కెర చల్లినట్టు మెరుస్తోంది.

అత్తమ్మ ఆ కాగితం వైపు చూసి, నా వైపు చూసి, "ఇటియ్యి" అంది. మిగతా గదులన్నీ ఆమే తిప్పింది. గాజు అంటిన కాగితాలను పాత పేపర్లో చుట్టి పక్కన పెట్టి, మళ్లీ మొదటి గదికి వచ్చి ఇంకోసారి తిప్పింది.

కారు వచ్చింది. పాప గడప దాటుతూనే నేల మీదికి దిగి అంబాడటం మొదలుపెట్టింది. మేమందరం దాని ముక్కు వైపే చూస్తూ కూర్చున్నాం. తెల్లారేదాకా ఒక్క తుమ్ము కూడా వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే వేములవాడ వెళ్లాం. కల్యాణకట్టలో గుండు చేస్తున్నంతసేపూ పాప గుక్కపెట్టి ఏడ్చింది. స్నానం చేయించినా ఏడుపు ఆగలేదు. గుండు చేసేటప్పుడు అల్లుడు కొత్త గౌను చేతిలో పట్టుకొనే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవడంతో గౌను మెడపట్టీకి, అతని తెల్లచొక్కాకి సన్నటి వెంట్రుకలు అంటుకున్నాయి. ఆ గౌనే తొడగడంతో అవి గుచ్చుకున్నప్పుడల్లా పాప మెడ గీక్కుంటోంది.

అప్పుడు అత్తమ్మ తన సంచిలోంచి లింట్ రోలర్ తీసింది. ఎప్పుడు పెట్టుకుందో నాకు తెలియదు.

"అమ్మా, గదేంది, గుడికి గూడ తెచ్చినవా" అంది ఆడబిడ్డ.

"నువ్వు పిల్లను పట్టుకో బిడ్డా" అని అత్తమ్మ గౌను విప్పి, దాని లోపల, బయట, తువ్వాలు మీద, అల్లుడి చొక్కా మీద తిప్పింది. శుభ్రమైన గౌను తొడిగేసరికి పాప వెక్కిళ్లు పెడుతూ ఊరుకుంది.

పక్కనే గుండుతో ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఎత్తుకున్న అమ్మాయి ఇదంతా చూస్తూ నిలబడింది. "మాది వెల్గటూర్ పెద్దమ్మా. మావోని అంగీ మీద గూడ జర తిప్పవా" అంది.

"ఒంటి మీద తిప్పద్దు, చర్మం మంటలేస్తది. అంగీ ఇప్పి ఇయ్యి" అంది అత్తమ్మ, ఎన్నో ఏళ్లుగా ఇదే పని చేస్తున్నట్టు.

తర్వాత ఇంకో తల్లి వచ్చింది. ఆ తర్వాత ఒక తాత తన కండువా ఇచ్చాడు. అత్తమ్మ తిప్పడం, నేను కాగితం చింపడం, ఆడబిడ్డ ఎవరెవరి అంగీలు వాళ్లకు అందించడం. అల్లుడు పాపను ఎత్తుకొని పక్కన నిలబడి నవ్వుతున్నాడు. దర్శనం లైను పెరుగుతోందని మా ఆయన గుర్తుచేసేసరికి చుట్ట చివరి కాగితం కూడా అయిపోయింది. అత్తమ్మ ముఖం వెలిగిపోతోంది.

ఇంటికి వచ్చి భోజనాలయ్యాక అల్లుడు కారు తాళం చేతిలోకి తీసుకొని, ఆడబిడ్డతో "నువ్వు, పాప ఉండుండ్రి. నేను ఆదివారం వచ్చి తీసుకపోత" అన్నాడు. అత్తమ్మ ఆ మాట విననట్టే వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి అల్లుడు దారిలో తినడానికని సకినాలు నిండిన డబ్బా తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

మర్నాడు సాంచాలు మళ్లీ నడిచాయి. పాప జడుసుకుంటుందేమో అనుకున్నాం. అది తడిదుప్పటి కట్టిన తలుపు దగ్గర దాకా అంబాడుకుంటూ వెళ్లి కూర్చొని, ఆ చప్పుడుకు గుండు తల అటూ ఇటూ ఊపింది.