వరండాలో పంజరం

నేనిది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తన హుక్కా పొగ పక్కవాళ్లకు చేటని కర్నూలులో మా ఇంటి ఓనరుకు తెలుసనే నా అనుమానం.

సాయంత్రం హుక్కా ముట్టించే ముందు ఆయన లవ్‌బర్డ్స్ పంజరాన్ని రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను మోసినట్టు వరండాలోకి తీసుకెళ్లేవాడు. తర్వాత తలుపు మూసి, లోపల బొగ్గు రాజేసేవాడు. అదే గదిలో ఆయన భార్య మగ్గం మీద జరీ పువ్వులు కుట్టేది. నేను పక్కన కూర్చుని నేర్చుకునేదాన్ని. ఏనాడూ హుక్కా ముట్టని ఆమె మాటిమాటికీ సూది ఆపి దగ్గేది. నాకు తల దిమ్మెక్కేది.

"భయపడాకు పాపా, నీళ్లలోంచి వచ్చే ఆవిరే ఇది. ఆపిల్ వాసన సూడు, ఎంత బాగుండాదో!" అని నవ్వేవాడు.

ఉత్త ఆవిరే అయితే పంజరం బయటికెందుకు?

మేం కడపకు ఇల్లు మారిన రోజు, ఆయన లేనప్పుడు, ధైర్యం చేసి ఆమెనే అడిగాను. "పెద్దమ్మా, పెదనాయన పిట్టల్ని బయట పెడతాడు గదా. మరి నిన్ను?"

ఆమె దగ్గు ఆగేదాకా నా చెయ్యి పట్టుకుంది.

"అవి శానా సున్నితం పాపా. ముందు తెచ్చిన జత ఆ పొగకే సచ్చిపోయినాయి. ఆ పొద్దు మీ పెదనాయన శానా ఏడ్సినాడు."