మా అత్త మగ్గం ఆపి విన్న కథ

మా అత్త పోయింది. పోయిన నెల ఒక పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఎదలో నొప్పిగా ఉందని గోడకు ఆనుకుంది. ఆటో వచ్చేలోపే అంతా అయిపోయింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా ఆయన అన్నాడు. ఆరో తరగతితో బడి మానినదాన్ని, నాకేం రాయడం వస్తుందన్నాను. కానీ ఆమె నా చేత చదివించుకున్న కథ గురించి మాత్రం రాయగలననిపించింది.

గుమ్మఘట్ట పక్క పల్లె నుంచి పెళ్లయి ధర్మవరం వచ్చిన కొత్తలో నేను ఎవరి ముందుకూ వచ్చేదాన్ని కాదు. ఇంటికి మనుషులొస్తే వంటింటి తలుపు వెనక నిలబడేదాన్ని. అత్త తిట్టేది కాదు. "మా ఇంట్లో పిల్లి ఉండాది, కోడలు ఉండాది. రెండూ కనపడవు. పాలు మాత్రం తగ్గుతాంటాయి" అనేది.

మగ్గం కింది గుంతలో కాళ్లు దించి కూర్చుని నేసేటప్పుడు ఆమెకు పక్కన ఏదో ఒక మాట వినపడుతూ ఉండాలి. చదువు రాదు. అటక మీద మా ఆయన చిన్నప్పటి బొమ్మల పుస్తకం ఒకటి దొరికితే నా చేతికిచ్చి చదవమంది. పక్కింటామె తొంగి చూసి నవ్వింది.

"ఏమక్కా, పిల్లోళ్ల బుక్కు చదివిచ్చుకుంటాండావే."

"నీకు సీరియల్ ఉండాది, నాకు ఇది ఉండాది. పోయి నీ ఏడుపు చూసుకోపో" అంది అత్త.

ఆ కథలో నలుగురు పిల్లలు. ఒకడు ఎగురుతాడు, ఒకడు కొండలు ఎత్తుతాడు, ఒకడు నిప్పును పిడికిట్లో పట్టుకుంటాడు. నాలుగో పిల్ల కావాలనుకున్నప్పుడు ఎవరికీ కనపడకుండా పోతుంది. ఒకరోజు నలుగురు పెద్దవాళ్లు వచ్చి, ముందు ముందు మీరు కాబోయేది మేమే అంటూ వాళ్లతో పోట్లాటకు దిగుతారు. ఎగిరేవాడు పెద్దయి నేల మీద నడవడం మరిచిపోయాడు. ఆ పిల్ల మాటిమాటికీ మాయమై మాయమై, పెద్దయ్యాక కనపడాలనుకున్నా కనపడలేకపోతోంది. గొంతు ఒక్కటే మిగిలింది.

అక్కడ మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"మళ్లా సదువు" అంది. చదివాను. మళ్లీ పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసిరింది కానీ ధ్యాస నేత మీద లేదు. అంచులో ఒక పువ్వు తప్పింది. ఆమె చేతిలో పువ్వు తప్పడం నేనెప్పుడూ చూడలేదు. జరీ తెగకుండా ఒక్కో పోగూ వెనక్కి తీస్తూ కూర్చుంది.

"ఇప్పుడే కనపడింది కాబట్టి ఊడదీస్తాండా. చీర మడత పెట్టినాక యాడ ఊడదీస్తావు?" అంది. ఇంకో పోగు వెనక్కి లాగి, "ఆ పెద్దోళ్లు కొట్లాడనీక రాల్యా. ఊడదీయనీక వచ్చినారు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నేను గూడా నీ మాదిరే వచ్చినా ఈ ఇంటికి. మాట్లాడితే ఏం తప్పు పడతాదో అని ఈ గుంతలోనే ఉండిపోయినా. చీరలు కొనుక్కుపోయే షావుకారు ఇన్నేండ్లు నా నేత చూసినాడు. బజార్లో ఎదురైతే నేనెవురో తెలీదు ఆయప్పకి. నన్ను బాగా చూడు పాపా. నువ్వు ముందుకు ఎట్లయితావో తెలిసేదానికి బుక్కెందుకు?"

కథ చివర పిల్లలే గెలుస్తారు. అత్తకు ఆ గెలుపు పట్టలేదు. "ఆ పెద్దామె కనపడిందా లేదా చెప్పు" అని ఎన్నోసార్లు అడిగింది. పుస్తకంలో అది లేదు.

అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆమెకు దాహం వేసేది. నీళ్లు తెమ్మని నన్ను కేకేసేది. నేను చెంబు గడప మీద పెట్టి వెనక్కి తిరిగితే, "ఆడ పెడితే దుంకి తాగనీకి నేను కప్పనా?" అనేది. వచ్చినవాళ్లు నవ్వేవారు. నేను గడప దాకానే వచ్చాను. ఆమె ఉన్నన్నాళ్లూ దాటలేదు.

దినాలయ్యాక, మగ్గం మీద ఆమె వదిలిన చీరను నేను కూర్చుని ముగించాను. నేత ఆమె నేర్పిందే. షావుకారు వచ్చి చాప మీద చీర పరిచి తడిమి చూశాడు.

"ఈడిదాకా ఒక చేయి, ఈడ్నుంచి ఇంకో చేయి. ఎవురప్పా నేసింది?" అని మా ఆయనను అడిగాడు.

మా ఆయన నోరు తెరిచేలోపు నేను గడప దాటాను.

"ఈడిదాకా మా అత్త. ఆ తర్వాత నేను" అన్నాను.

"గుంతలో ఉండే ఆయమ్మా?"

"ఆయమ్మే. మీకు ఇచ్చిన చీరలన్నీ ఆయమ్మ నేసినవే."

షావుకారు నన్ను చూశాడు, ఖాళీగా ఉన్న గుంతను చూశాడు. మళ్లీ చీర వైపు వంగాడు. ఆమె చేయి ఆగి నా చేయి మొదలైన చోట నేత కొంచెం వదులు. కంటికి తెలియదు, తడిమితే తెలుస్తుంది. ఆయన వేలు చాలాసేపు అక్కడే ఆగింది.