ఇరవై నాలుగో నంబరు ఆటగాడు, విజయలక్ష్మి మేడమ్

మొన్న ఉదయం దుబాయ్ మెట్రోలో నా పక్క సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. నుదుటికి పట్టించుకున్న తలనొప్పి బామ్ వాసన ఏసీ చలిలో గుప్పుమని తగిలింది. నేను దిగాల్సిన కరామా స్టేషన్ దాటిపోయింది. ఆ వాసనతో పాటు, ఆఫీసులో రోజూ అదే బామ్ రాసుకునే విజయలక్ష్మి మేడమ్ కూడా వచ్చి కూర్చున్నట్టు అనిపించి, లేవబుద్ధి కాలేదు.

ఆవిడ నిజామాబాద్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పారు. భర్తకు దుబాయ్‌లో ఉద్యోగం రావడంతో తన ఉద్యోగం వదులుకుని వచ్చారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక మా ఆఫీసులో చేరారు. మా పని చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మేవారు కాదు. అమెరికా కాలేజీల్లో పిల్లలు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వీడియోలు మాకు వచ్చేవి. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. అందులో ఎదుటి జట్టును అడ్డుకునే పదకొండు మందిలో ఒక్కొక్కరూ ఎలా ఆడారో, బంతి కదిలిన ప్రతిసారీ మార్కు వేయాలి. బాగా చేస్తే ప్లస్, చెడగొడితే మైనస్, రెండూ కాకపోతే సున్నా. మేము వేసిన మార్కులను మేడమ్ తనిఖీ చేసేవారు. ఆ తర్వాతే అవి ఆ కాలేజీ కోచ్‌లకు వెళ్ళేవి.

2021లో, పెళ్ళయిన ఆరు నెలలకు, జగిత్యాల నుంచి వచ్చి ఆ పనిలో చేరాను. మా ఆయన ఎలక్ట్రీషియన్. షార్జా అల్ నహ్దాలో ఒక ఫ్లాటును ఇంకో కుటుంబంతో పంచుకుని ఉండేవాళ్ళం. మొదటి వారంలో ఒక భారీ మనిషికి మ్యాచంతా సున్నాలే వేశాను. అతను ఎవరినీ పడగొట్టలేదు, బంతి దరిదాపులకు పోలేదు. మేడమ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని వీడియో వెనక్కి తిప్పారు.

"ఈ పిల్లగాని మీద ఎంతమంది పడ్డరు?"

"ఇద్దరు, మేడమ్."

"ఇద్దరిని పట్టుకొని నిలవడ్డడు. అందుకే పక్కోడికి దారి దొరికింది, పోయి బంతోణ్ణి పడగొట్టిండు. పడగొట్టినోనికి ప్లస్ ఇచ్చినవ్. మరి వీనికో?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఇంటర్ పరీక్ష పేపర్లు దిద్దిన స్పాట్ వాల్యుయేషన్ రోజుల సంగతి చెప్పారు. చివరి జవాబు తప్పయినా, ఏడు మార్కుల లెక్కకు ఆరు వేసిన పేపర్లున్నాయట. "లెక్క మొత్తం సక్కగ చేసి ఆఖరికి కూడికల తప్పిండు. వానికి సున్నా పెడితే లెక్క రానోనికీ వానికీ ఏం తేడా బిడ్డా? ముందుగాల వానికి అప్పజెప్పిన పనేందో తెలుసుకో. మార్కు తర్వాత."

అప్పటి నుంచి మ్యాచ్ నాకు వేరేలా కనిపించడం మొదలైంది. అందరూ బంతి వెంట చూస్తుంటే, నేను బంతికి దూరంగా తమ జాగా కాపాడుకుంటూ నిలబడ్డ పిల్లల్ని చూసేదాన్ని. వాళ్ళ ముఖాలు హెల్మెట్లలో కనిపించవు. నంబర్లతోనే వాళ్ళు నాకు పరిచయం.

అలా పరిచయమైనవాడే ఇరవై నాలుగు. ఒక మ్యాచ్‌లో ఎదుటివాడు బంతి అందుకుని అతణ్ణి దాటి దూసుకుపోయి స్కోరు చేశాడు. ఆ చుట్టుపక్కల ఉన్నది ఇతనొక్కడే. మైనస్ వేశాను. పైనుంచి మైదానమంతా చూపించే వీడియో ఆ వారం ఆలస్యమైంది. గడువు దగ్గరపడటంతో మేడమ్ కూడా ఉన్న వీడియో చూసే సరేనన్నారు. షీటు వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత ఆ రెండో వీడియో వచ్చింది. అందులో అసలు సంగతి తెలిసింది. వెనక కాపలా ఉండాల్సింది ఎనిమిదో నంబరు. అతను మోసపోయి ముందుకు పరుగెత్తాడు. ఇరవై నాలుగు తన మనిషిని వదిలి, ఖాళీ అయిన చోటు పూడ్చడానికి వెనక్కి ఉరికాడు. అందలేదు. తప్పు చేసినవాడు తెర మీద ఎక్కడో దూరంగా ఉన్నాడు. కాపాడబోయినవాడికి నేను మైనస్ వేశాను.

మేడమ్ నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళారు. ఆయనది కాకినాడ. మంచివాడే కానీ గొడవలంటే భయం.

"ఎవరూ అడగలేదు కదండీ. ఖలాస్, వదిలేద్దురూ," అన్నాడు.

"అడగాల్సింది ఆ పిల్లగాడు సార్. మనం ఉన్నమని కూడ వానికి తెల్వది. వచ్చే మ్యాచ్‌ల వాణ్ణి పక్కన కూసోవెడితే ఎందుకో కూడ తెల్వది."

"మనమే తప్పని రాసిస్తే కాంట్రాక్టు పోతుందండి. ఇంతకీ ఎవరిదండీ తప్పు?"

నా ప్రొబేషన్ ఇంకా నెల ఉంది. నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

"తనిఖీ చేసింది నేను. నా పేరు మీద రాస్త," అన్నారు మేడమ్.

సవరణ వెళ్ళింది. కాంట్రాక్టు పోలేదు. అయితే తనిఖీ వేరేవాళ్ళతో చేయించమని అటునుంచి కోరారు. మేడమ్ ఆ కుర్చీ ఖాళీ చేసి వచ్చి, నా పక్క టేబుల్ దగ్గర మాలాగే మార్కులు వేయడం మొదలుపెట్టారు. సాయంత్రం స్టాఫ్ వ్యాన్‌లో ఏడుపు ఆపుకోలేక క్షమించమన్నాను.

"పూర్తిగ చూడకుంట సరేననుడు నా తప్పు. అది నేను రాసిన. నీది నేనెట్ల రాస్త? నువ్వే రాసుకోవాలె. ఎప్పుడన్నది నీ ఇష్టం," అని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ మాటలో కోపం లేదు. జాలి కూడా లేదు.

మరుసటి ఏడాది ఆవిడ భర్త ఉద్యోగం ముగిసి, ఇద్దరూ నిజామాబాద్ వెళ్ళిపోయారు. ఇంకో ఏడాదికి తనిఖీ పని నాకు అప్పగించారు. ఒకరోజు పాత షీట్లు చూస్తుంటే, నేను సరేనన్న మార్కుల్లో ఒక తప్పు దొరికింది. దాన్ని ఎవరూ గమనించలేదు. ఒక పూటంతా కూర్చుని కూర్చుని, చివరికి మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. నోరు తెరిచాను కాబట్టి ఇంకోటి కూడా చెప్పేశాను.

"అప్పట్లో ఇరవై నాలుగో నంబరుకు తప్పు మార్కు వేసింది కూడా నేనే సార్."

ఆయన తలెత్తి చూశాడు. "తెలుసమ్మా. ఎవరు వేశారో సిస్టమ్‌లో కనిపించదా ఏంటి? అప్పుడే చూశాను. ఆవిడే ఆపారు. 'ఆ పిల్ల తనే వచ్చి చెప్తది సార్, అప్పటిదాకా అడగకుండ్రి' అన్నారు."

ఆ సాయంత్రం నిజామాబాద్‌కు ఫోన్ చేశాను. మేడమ్ అంతా విని, "ఆ పిల్లగాడు తర్వాత మంచిగ ఆడిండా?" అని అడిగారు. ఆడాడని చెప్పాను. "మంచిది," అన్నారు. నా గురించి ఒక్క మాటా అనలేదు.

ఇప్పటికీ ఆ కుర్చీలో నేనే ఉన్నాను. కొత్తవాళ్ళ మార్కుల్లో తప్పు దొరికితే సవరణ వెంటనే పంపిస్తాను. ఎవరు చేశారని మాత్రం అడగను. చాలామంది మర్నాటికల్లా నా టేబుల్ దగ్గరికి వస్తారు. రానివాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉంటాను. నాకు రెండేళ్ళు పట్టింది కదా.