అన్న డ్రమ్ముల సెట్టు, ఆషాఢం గాలి

ఎండలు మొదలయ్యే రోజుల్లో మా అన్న తన డ్రమ్ముల సెట్టును ట్రాలీ ఆటోలో వేసుకుని అనంతపురంలో మా ఇంటికి తెచ్చాడు. ఐదు డ్రమ్ములు. ఐదింటినీ వేరుశనగ సంచుల్లో కుక్కి మూతులు కట్టాడు. శింగనమల దగ్గర మా ఊరి చర్చి వెనక గదిలో అవి ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. చర్చిలో ఇప్పుడు దరువు కీబోర్డులోంచే వస్తుంది. పెళ్ళిళ్ళకు పెద్ద పెద్ద స్పీకరు బాక్సులు దిగుతున్నాయి. అన్నతో బ్యాండులో వాయించినవాళ్ళు కొందరు బెంగళూరు వైపు కూలికి పోయారు, కొందరు లోకమే విడిచి పోయారు.

"ఇవి బాగు చెయ్యాలప్పా," అన్నాడు.

"ఇప్పుడెందుకున్నా? ఎవరు కొడ్తారు వీటిని?"

"నేనే. చెవులు మూసుకుపోతాండాయి. డాక్టరు సూసినాడు. నరం ఎండిపోతాందంట. మిషను పెట్టుకున్నా గరగర తప్ప ఏమీ ఇనపడదంట. పూర్తిగా పోయే లోపల ఒకసారి ఈ సెట్టు ఇనాల."

"ఎన్నాళ్ళు పడుతుందన్నాడు?"

"ఆయప్పకేం తెలుసు? నీ మాదిరి లెక్కలొస్తాయా ఆయప్పకి?"

నేను కట్టెల అడితిలో దుంగలు కొలుస్తాను. చదువు ఎనిమిదితో ఆగింది. టేపు పట్టుకుని చుట్టుకొలత చూస్తే దుంగ ఎన్ని ఘనపుటడుగులో నోటితోనే చెప్పగలను. ఎవరూ నేర్పలేదు. తప్పు చెబితే అమ్మేవాడో కొనేవాడో మీదికి వస్తాడు కాబట్టి వచ్చింది. సుమారుగా అనే మాట నేను వాడను. తెలియకపోతే తెలియదంటాను, లేదా కొలిచి చెబుతానంటాను. ఆ రోజు కూడా, డ్రమ్ములు బాగవడానికి ఎన్నాళ్ళు పడుతుందో కొలిచి చెబుతాననే అన్నతో అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం కూర్చుని విప్పాం. కాలితో కొట్టే పెద్దది, మూడు కాళ్ళ మీద నేలపై నిలబడేది, పైన బిగించే రెండు చిన్నవి, కింద ఇనుప తీగలు సాగదీసిన సైడ్ డ్రమ్ము. బోల్టులన్నీ తుప్పు పట్టాయి. చెక్క చుట్టూ అతికించిన ఎర్ర మెరుపుల ప్లాస్టిక్ తొడుగు అక్కడక్కడా పైకి లేచింది. తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టి జిగురు కరిగించి ఆ తొడుగు లాగేశాం. నేల డ్రమ్ముకు తొడుగు కరిగి ముడుచుకున్న చోట లాగేసరికి కింద చెక్క మీద అరచేయంత నల్ల మచ్చ కనిపించింది. మాడిన చెక్క.

"ఇది నీ పనే," అన్నాను.

"నాది కాదప్పా, నాయన పని. నేను అదే జాగాలో ఇంకొంచెం కాల్చినా, అంతే." పకపకా నవ్వాడు.

మా నాయన తప్పెట కొట్టేవాడు. తోలు తప్పెటను మంటకు కాచకపోతే అది పలకదు. కాస్త చల్లబడితే చాలు, తోలు వదులైపోతుంది. కంది కట్టె వేసి మంట చేసి, తప్పెటను దాని మీద పావు పావుగా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూసి, అది గణగణమన్నాక మెడకు తగిలించుకునేవాడు. పెళ్ళివాళ్ళు డ్రమ్ సెట్టు అడగడం మొదలుపెట్టాక అన్న ఇది కొన్నాడు. దీనికి తోలు కాదు, ప్లాస్టిక్ పొర. బోల్టు తిప్పితే బిగుస్తుంది, మంటతో దానికి పని లేదు. ఎంత చెప్పినా నాయన వినలేదు. కాచకుండా వాయిద్యం ఎట్లా ఎత్తుకుంటారని తిట్టి, మొదటి పెళ్ళికి తానే మంట వేశాడు. ఆయన పోయాక అన్న కూడా పెళ్ళికి బయలుదేరే ముందు నేల డ్రమ్మును ఒకసారి మంటకు చూపించేవాడు. ప్లాస్టిక్‌ను కూడా మా వాళ్ళు తోలు అనే పిలుస్తారు.

"బోల్టు సంగతి నాకు తెలీదా? కానీ చెయ్యి ఊరుకోదప్పా," అన్నాడు.

అప్పటికి అన్నకు వినపడేది. గేటు దగ్గర నిలబడి పిలిస్తే పలికేవాడు. చెక్క డొల్లను గోటితో తట్టి, ఇది బాగుంది, ఇది లోపల పొర విడింది అని చెప్పేవాడు. నేను భూతద్దం పెట్టి వెతికితే ఆ విడిన చోటు దొరికేది.

టేపు పెట్టి అటూ ఇటూ కొలిస్తే నేల డ్రమ్ము గుండ్రంగా లేదు. ఒకవైపు అంగుళంలో ఎనిమిదో వంతు తేడా ఉంది. తోలు ఆనే అంచు కూడా సమంగా లేదు. తాడిపత్రి నల్లబండ ఒకటి తెచ్చి, దాని మీద డ్రమ్మును బోర్లించి లోపల బల్బు పెట్టాను. అంచు కింద నుంచి సన్నగా వెలుగు కారింది. బండ మీద గరుకు కాగితం అతికించి, వెలుగు పూర్తిగా ఆగేదాకా డ్రమ్మును రుద్దాను. ఐదింటికీ రెండు అంచులు. అడితి పని అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు. ఎండాకాలం దానికే సరిపోయింది.

తర్వాత పాలిష్. చెక్క మంచిది, నరాలు అందంగా ఉన్నాయి. దానికి మళ్ళీ ప్లాస్టిక్ తొడగబుద్ధి కాలేదు. లక్క పాలిష్ పట్టాలనుకున్నాను. అప్పుడు ఆషాఢం వచ్చింది.

ఆ నెలలో మా వైపు వాన రాదు, గాలి వస్తుంది. విత్తనం వేద్దామని దున్నిన చేలన్నీ లేచి ఊళ్ళ మీదికి వస్తాయి. తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి మొదటి పూత వేశాను. తెల్లారి చూస్తే పాలిష్ మీద రవ్వ చల్లినట్టు ఎర్ర దుమ్ము. ఆరాక రుద్ది మళ్ళీ వేశాను. మళ్ళీ దుమ్మే. గాలి తగ్గేదాకా ఆపుదామనుకున్నాను.

అన్న ప్రతి ఆదివారం బస్సులో వచ్చి పక్కన కూర్చునేవాడు. గేటు దగ్గర నుంచి పిలిస్తే పలకడం మానేశాడు. మంచం పక్క నుంచి పిలిస్తే పలికేవాడు. తర్వాత భుజం తట్టాల్సి వచ్చేది. ఆ దూరం తగ్గడం నాకు అడుగుల్లో తెలుస్తూనే ఉంది. ఒక ఆదివారం ఓపిక పట్టలేక సైడ్ డ్రమ్ముకు పాత తోలే ఎక్కించి వేళ్ళతో కొట్టాడు. కింద తీగలు చిరచిరమని గదంతా మోగాయి.

"తీగలు యాడ పెట్టినావప్పా? తగిలించలేదా?" అన్నాడు.

నేను డ్రమ్మును తిరగేసి చూపించాను. తీగల మీద వేలు పెట్టి చూశాడు. "ఓ, ఉండాయి," అని దాన్ని మెల్లగా కింద పెట్టాడు. ఆ పూట మరి దేన్నీ తట్టలేదు.

మా వదిన ఫోన్ చేసింది. "ఏమప్పా, ఆ పాలిష్ ఎవరు సూడాల? తోళ్ళు ఎక్కించి ఇచ్చెయ్. కొట్టుకోనీ ఆ మనిషిని."

"గాలి తగ్గితే రెండు పూతలు వదినా. అంతే."

"ఈ సీమలో వానన్నా వస్తుందేమో గానీ గాలి తగ్గుతుందని నీకు ఎవరు చెప్పినారు? నిన్న అన్నం తట్ట నా చేతిలోంచి జారి బండ మీద పడింది. ఆ మనిషి వెనక్కి తిరిగి సూడలే."

పూత సగంలో ఉంది. ఆ స్థితిలో బోల్టులు బిగిస్తే వాటి కింద పాలిష్ అంటుకుని పెచ్చులుగా లేస్తుంది. ఆ సంగతి వదినకు చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

శ్రావణం గడిచాక గాలి తగ్గింది. రెండు కాదు, నాలుగు పూతలు పట్టాయి. నేల డ్రమ్ము మీది నల్ల మచ్చ ఎంత రుద్దినా పోలేదు. దాన్ని కప్పడానికి పాలిష్ ముదురు రంగు చేశాను. కొత్త తోళ్ళు ఎక్కించి, ఎదురెదురు బోల్టులను సమానంగా తిప్పుకుంటూ, ప్రతి బోల్టు దగ్గరా తట్టి శబ్దం ఒకేలా ఉందని చూసుకున్నాను. ఐదూ వరసగా పెడితే తోమిన రాగి బిందెల్లా ఉన్నాయి.

సెట్టును మళ్ళీ ట్రాలీ ఆటోలోనే ఊరికి తీసుకుపోయి అన్న ఇంటి ముందర అమర్చాను. అన్న చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. పాలిష్ మీద చెయ్యి రాసి తల ఊపాడు. కర్రలు అందుకుని వాయించాడు. పక్కిళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. శబ్దం నేను అనుకున్నట్టే వచ్చింది, ఎక్కడా బొంగురు లేదు.

అన్న ఆపాడు. నేల డ్రమ్మును ఒక్కదాన్నే రెండుసార్లు కొట్టాడు. బొటనవేలితో తోలు నొక్కి చూశాడు.

"వదులుగా ఉండాది. పలకతాండ్లేదు," అన్నాడు.

"లేదన్నా, సరిగ్గా ఉంది!" అని అరిచాను.

నా వైపు చూడలేదు. లేచి పొయ్యి పక్క నుంచి చేతినిండా కంది కట్టె తెచ్చి వాకిట్లో వేసి అగ్గిపుల్ల గీశాడు. కట్టె ఎండిపోయి ఉంది, గుప్పున అంటుకుంది. నేల డ్రమ్మును రెండు చేతులతో ఎత్తి దాని దగ్గరికి తెచ్చాడు.

నేను లేచాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఉండప్పా," అంది. "కాచుకోనీ."

మొదట మంటకు రెండడుగుల ఎత్తున పట్టుకున్నాడు. అక్కడ పట్టుకుంటే పాలిష్‌కు ఏమీ కాదు. తర్వాత అడుగుకు దించాడు. పావు పావుగా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి, చెక్కకు చెవి ఆనించి చూశాడు. ఇంకా దించాడు. లక్క వాసన వచ్చింది. పాత నల్ల మచ్చ ఉన్న చోటే కొత్త పాలిష్ చిన్న చిన్న బుడగలుగా లేచింది.

డ్రమ్మును తెచ్చి కాళ్ళ మీద నిలబెట్టాడు. ఒక అరచెయ్యి చెక్కకు ఆనించి, రెండో చేత్తో గట్టిగా ఒక దెబ్బ కొట్టాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

వేడికి ప్లాస్టిక్ సాగి, శబ్దం ముందున్న దానికంటే కాస్త దిగింది. అది నాకు స్పష్టంగా తెలిసింది. నా పెదాలు అతనికి కనపడేలా, మెల్లగా, "సరిపోయింది" అన్నాను.

అన్న కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆపలేదు. దరువు ఎక్కడా తప్పలేదు. అతని కళ్ళు మాత్రం నా ముఖం మీదే ఉన్నాయి, అందుకని నేను తల ఊపుతూనే ఉన్నాను. వదిన చెంబుతో నీళ్ళు తెచ్చి అతని వెనకగా పోయి నిప్పుల మీద గుమ్మరించింది. నిప్పులు చుయ్యిమని పెద్దగా అరిచాయి. చూస్తున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. అన్న తల తిప్పలేదు.