ఓబులేసు బిగించిన బేరింగు

ఈ మాట నా లోపల పడి నలభై ఏండ్లు దాటింది. వయసుతో పాటు అరిగిపోతుందిలే అనుకున్నాను. అరగలేదు. ఆదివారం చర్చిలో అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. అంతమంది గొంతుల్లో నా గొంతు కలిసిపోతుంది. ఎవరు దేన్ని ఒప్పుకుంటున్నారో పక్కవాళ్లకు కూడా తెలియదు. నాకు అదే అనుకూలంగా ఉండింది. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఈసారి ఒక్కదాన్నే చెబుతున్నాను.

నేను నంద్యాలలో ఒక మెకానిక్ షెడ్డులో సామాన్లు కడిగేదాన్ని. విప్పిన ఇంజను ముక్కలను కిరసనాయిలు తొట్టిలో వేసి, జిడ్డు గీకి, కుంచెతో రుద్ది, గోనెపట్ట మీద ఆరబెట్టడం నా పని. మా ఆయన లారీ మీద పోయి జ్వరంతో తిరిగొచ్చి చనిపోయాక అందులో చేరాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. షెడ్డు కరీం మేస్త్రిది. ఆయన కింద ఫిట్టరు ఓబులేసు, ఆళ్లగడ్డవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. పెద్ద లారీ ఇంజన్లు ఒంటిచేత్తో విప్పేవాడు.

ఆ కారు డెబ్బయిల చివర్లో వచ్చింది. కాలువ పనులు చేయించే కాంట్రాక్టరు ఒకాయన బొంబాయిలో కొన్నాడట. ఫారిన్ బండి, పందేలలో పరిగెత్తించే రకం. కూర్చుంటే నేల చేతికి అందుతుంది. ముక్కు మాత్రం ఇంటి వసారా అంత పొడుగు. మా ఎండకు బజారులోనే కాగిపోయి ఆవిర్లు కక్కితే, ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు.

బానెట్టు ఎత్తినప్పుడు చేతిలో పనులు వదిలి అందరూ చుట్టూ చేరారు. ఎవరో రేడియో కూడా కట్టేశారు.

నేను అప్పటిదాకా జీపు, లారీ, ట్రాక్టరు ఇంజన్లే చూశాను. అవి పని చేసే వస్తువులు, అంతే. దీన్ని ఎవరో ఇష్టపడి చేశారని చూడగానే తెలిసింది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో. జీపుకు నాలుగే. జీపులో అడుగున ఒక షాఫ్టు తిరుగుతూ పక్కనున్న వాల్వులను తోస్తుంది, లారీలో అయితే మధ్యన పొడుగాటి కడ్డీలు కూడా ఉంటాయి. దీంట్లో రెండు షాఫ్టులు, రెండూ వాల్వుల నెత్తిమీదే కూర్చున్నాయి. మధ్యన కడ్డీలే లేవు. అందుకే నిమిషానికి ఐదు, ఆరు వేల చుట్లు తిరిగినా వాల్వు వెనకబడదని మేస్త్రి చెప్పాడు. మా ట్రాక్టరు రెండు వేలు తిరిగితేనే షెడ్డు రేకులు అదిరేవి. మూడు కార్బొరేటర్లు, ఒక్కొక్కటి రెండేసి సిలిండర్లకు. అడుగున తిరిగే క్రాంకును జీపులో మూడు చోట్ల బేరింగులు పట్టుకుంటే, దీంట్లో ఏడు చోట్ల పట్టుకున్నాయి. వాల్వుల మీద కోడిగుడ్డు ఆకారంలో తిరిగే ఆ ముక్కలు కడిగి తుడిస్తే, వాటిలో నా కన్ను నాకే కనిపించింది.

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డును తొట్టిలోకి దించాలి. ఇనుము బరువు ఉంటుందని ఊపిరి బిగబట్టి నేనూ ఒక చెయ్యి వేశాను. అది అల్యూమినియమట. అనుకున్న దానికంటే తేలిగ్గా లేచేసరికి వెనక్కి పడబోయాను. ఓబులేసు నవ్వాడు.

"నిమ్మళమక్కా! అది దొరల బిడ్డ. మన మాదిరి సంగటి తిని పెరగలే."

మేస్త్రికి అలాంటి ఇంజను మద్రాసులో పనిచేసిన రోజుల నుంచీ తెలుసు. విప్పుతూ దాని జబ్బులన్నీ చెప్పేవాడు. కిందున్న బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. కాగినప్పుడు రెండూ ఒకే తీరుగా సాగవు, మధ్యనున్న గ్యాస్కెట్టు నలిగి పోతుంది. రేడియేటరు చలి దేశం కొలతకు చేసింది, మన ఎండకు చాలదు. వాల్వు షాఫ్టులను తిప్పే చైను వదులైతే గలగలమంటుంది. క్రాంకు తోక దగ్గర నూనె చెమర్చడం పుట్టుకతో వచ్చిన గుణం, దానికి మందు లేదు. మూడు కార్బొరేటర్లూ సమానంగా గాలి పీల్చాలి, లేకుంటే ఇంజను కుంటుతుంది. ఒక రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ఒక్కోదాని బుసను వినేవాడు, డాక్టరు లాగ. "ఈ బండికి మన పెట్రోలు నీళ్లమజ్జిగ" అనేవాడు. పెట్రోలు పలచనైతే ఎత్తు ఎక్కేటప్పుడు లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుందట.

నేను కడుగుతూ అన్నీ వినేదాన్ని. అంత వింత వస్తువు మనుషుల చేతుల్లోంచి ఎలా వచ్చింది? చేసినవాళ్లు ఏం తిని, ఏం ఆలోచిస్తూ చేసి ఉంటారు? ఇంటికి పోయి అన్నం వండుతున్నా అవే ఆలోచనలు.

మేస్త్రి ఆ ఇంజను కూర్చే పని ఓబులేసుకు అప్పగించాడు. బండి ఆళ్లగడ్డ దాకా పోయి చక్కగా తిరిగొస్తే అక్కడ ఓబులేసుకు సొంత షెడ్డు పెట్టిస్తానని, తానే వచ్చి తలుపు తీస్తానని అందరి ముందూ మాట ఇచ్చాడు. లారీల వాళ్లకు మేస్త్రి మాటంటే గురి. ఆయన మంచి చెయ్యి అంటే ఆ చేతికి పని కరువుండదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వచ్చాను.

ఇంజను బ్లాకులో నూనె పోయే సన్నటి దారులు ఉంటాయి. ప్రతి బేరింగుకూ ఒక రంధ్రం. వాటిని తీగతో పొడిచి కడిగాక, షెడ్డులో దుమ్ము పోకుండా గుడ్డపేలికలు దూర్చి మూసేదాన్ని. బిగించే రోజు మళ్లీ నేనే తీసేదాన్ని. పెట్టిన చెయ్యే తీయాలని మేస్త్రి కట్టడి. జీపు రంధ్రాలు నా వేళ్లకు తెలుసు, లెక్క అక్కరలేదు. దీనికి ఏడు. నా పాత చీరను చింపి దూర్చాను.

బిగించే రోజు నేను పేలికలు లాగుతున్నాను. పక్కనే క్రాంకును దూలానికి తాడుతో వేలాడదీశారు. నేను కడిగి నూనె రాసిన క్రాంకే. ఎండ దాని మీద పడింది. తాడు మెలి తిరుగుతుంటే అదీ మెల్లగా తిరిగింది. వంపులన్నీ ఒకదాని వెంట ఒకటి వెలుగులోకి వచ్చి పోతున్నాయి. నేను చూస్తూ ఉండిపోయాను. "అక్కా, అయిందా?" అని ఓబులేసు అడిగాడు. అయిందన్నాను. కడుపుతో ఉన్న మనిషిని దించినట్టు దాన్ని బ్లాకులోకి దించారు. ఓబులేసు పానాతో బేరింగులు బిగించాడు. కాంట్రాక్టరు తెచ్చిన పొడుగాటి పానా అది, సరిపడా బిగువు రాగానే టిక్కుమంటుంది. టిక్కుమనగానే ఓబులేసు చెయ్యి ఆగేది. ప్రతిసారీ ఆగింది. నేను రెప్ప వేయకుండా చూశాను.

చిట్టచివరి రంధ్రంలో, పైకి కనబడనంత లోతుగా, నా గుడ్డ ఉండిపోయింది.

ఇంజను మొదలైనప్పటి ఆ శబ్దం ఎలా చెప్పాలో నాకు రాదు. మొదట గుర్రు, తర్వాత మేస్త్రి పెడలు తొక్కే కొద్దీ గొంతు మారుతూ పైకి పోయి, చివరికి ఒకే ఒక్క తీగ మోగినట్టు. నూనె ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది. గుడ్డకు ఇవతలి ఒత్తిడినే అది చూపిస్తోందని ఎవరికి తెలుసు?

మేస్త్రి, కాంట్రాక్టరు ఆళ్లగడ్డకు బయలుదేరారు. శిరివెళ్ల దాటాక, వేగం పెంచిన చోట, టకటకమని మోగి ఇంజను పట్టేసింది. బండి లారీ వెనక కట్టుకుని తిరిగొచ్చింది.

విప్పితే చివరి బేరింగు నల్లగా మాడి క్రాంకుకు అతుక్కుని ఉంది. బ్లాకు కడిగి ప్రతి రంధ్రంలోనూ తీగ పెట్టి చూడమని మేస్త్రి చెప్పాడు. చివరిదాంట్లో తీగ ఆగింది. మెలిపెట్టి లాగాను. మసి పట్టిన పేలిక వచ్చింది. ఒక కొసన నా చీర పచ్చ అంచు ఇంకా తెలుస్తోంది. చుట్టూ చూశాను. బొడ్లో దోపుకున్నాను.

"ఏమ్మే, తీగ పోతాందా?" మేస్త్రి అడిగాడు.

"పోతాంది మేస్త్రీ."

"అన్నిట్లో?"

"అన్నిట్లో."

మేస్త్రి ఓబులేసు దిక్కు తిరిగాడు. "ఇంగేందప్పా? నూనె దారి బాగుండాది. ముల్లు బాగుండాది. మిగిలింది నీ చెయ్యే. లారీ చెయ్యి నీది. బిగువు మీరి పిండేసినావు బేరింగును."

"లే మేస్త్రీ! పానా టిక్కుమన్న తాననే నిలిపినా. నరసింహసామి తోడు. అక్క ఈడనే ఉండింది, అడుగు కావాలంటే."

"ఏమ్మే, చూసినావా?"

"నేను సామాన్లు కడుగుతాంటి," అన్నాను. "చూడలేదు."

ఎందుకు అన్నాను? పని పోతుందని భయం, నిజమే. నా బిడ్డలు చిన్నవాళ్లు. ఇన్నేండ్లూ ఆ జవాబుతోనే నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ అది సగమే. గుడ్డ చూపిస్తే ఆ ఇంజనును మళ్లీ నన్ను ముట్టనివ్వరని అనుకున్నాను. దాన్ని మళ్లీ కూర్చడం చూడాలని, ఆ శబ్దం ఇంకొక్కసారి వినాలని ఉండింది. దానికోసం ఒక మనిషి బతుకును పక్కకు తోశాను. ఇంత నీచం నాలో ఉందని ఇప్పుడు రాస్తుంటే నాకే ఒళ్లు ముడుచుకుపోతోంది. పైగా ఆ ఇంజను అక్కడ మళ్లీ కూర్చనే లేదు. ముక్కలతో సహా లారీకెక్కించి మద్రాసు పంపించారు. గుడ్డను ఇంటి పొయ్యిలో వేశాను. భగ్గున మండింది.

ఓబులేసుకు షెడ్డు రాలేదు. "లారీ చెయ్యి" అన్న పేరు ఆయన కంటే ముందు ఆళ్లగడ్డ చేరింది. లారీల వాళ్లు కూడా ఇంజను పని ఇవ్వలేదు. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసుకుని బతికాడు. అహోబిలం పోయే జీపుల టైర్లు, సైకిలు ట్యూబులు.

ఎనభైల మధ్యలో, వయోజనుల బడిలో నేను అక్షరాలు దిద్దుకుంటున్న కాలంలో, ఒకసారి ఆళ్లగడ్డలో బస్సు మారాల్సి వచ్చింది. ఓబులేసు నన్ను చూసి స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. కోపం లేదు. ఆ ఇంజను గురించే మాట్లాడాడు. ఆరు సిలిండర్లు, రెండు షాఫ్టులు, ఆ పానా టిక్కుమనడం, చివరికి ఆ శబ్దం. కండ్లు మెరుస్తున్నాయి. అంత గొప్పదాన్ని తన చేత్తో చంపుకున్నానని నమ్ముతున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అక్కా, రోజూ తలుచుకుంటాండా. నేను యాడ తప్పు చేసినానో నీకేమన్నా తెలుసా?"

నాకేం తెలుసప్పా అన్నాను. బస్సు వచ్చింది. ఎక్కాను.

ఓబులేసు పోయి చాలా ఏండ్లయింది. భార్య అక్కడే ఉంది. ఆమె దగ్గరికి పోయి చెప్పే ధైర్యం నాకుందో లేదో ఈరోజుకూ తెలియదు. క్షమించమని ఇది రాయలేదు. క్షమించగలిగినవాడు లేడు, మీరు ఆ పని చేయవద్దు. ఆయన అడిగిన దానికి జవాబు నా దగ్గర ఉండిపోయింది. అది మాత్రం రాస్తాను.

ఓబులేసూ, నువ్వు యాడా తప్పు చేయలేదప్పా. ఏడు బేరింగులూ సరిగ్గా బిగించినావు. నేను చూసినా.