నేనెత్తిన ట్రంక్‌కాల్

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బండ ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మేం పనిచేసిన సబ్‌మెరైన్ చరిత్రను పాతవాళ్లం కలిసి రాసుకుందామనుకున్నాం. నా వంతుకు ఎనభైల్లో అది చేసిన ఒక యాత్ర వచ్చింది. కావాలనే ఇచ్చారా? లేదు, వాళ్లకేం తెలుసు! ఆ యాత్రలో నేను లేను. ఉండాల్సింది నేనే.

మునిరత్నం అందాం, అసలు పేరు వేరు. అతనిది పుత్తూరు దగ్గర పల్లె, నాది కాణిపాకం పక్కన. విశాఖలో మా మెస్సులో చిత్తూరు యాస మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. ఇద్దరిదీ బ్యాటరీల పని. ఒకడు సెలవులో ఉంటే రెండోవాడు సముద్రంలోకి వెళ్లాలి. ఆసారి సెలవు నాది. తిరుమలలో కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలి. అప్పటికే వాయిదా పడుతూ వచ్చింది.

సబ్‌మెరైన్ బయల్దేరే రోజు మధ్యాహ్నం మెస్సులో ఫోను మోగింది. ఎత్తాను. పుత్తూరు నుంచి మునిరత్నం తమ్ముడు.

"నాయన మిద్దె మింద నుంచి పడినాడప్పా. కట్టు కట్టించినాము గానీ జ్వరం తగ్గలా. పెద్దోడు యాడ, పెద్దోడు యాడ అని ఒకటే కలవరిస్తాండాడు. అన్నను బిరీన రమ్మని చెప్పప్పా."

"చెప్తాలేప్పా" అన్నాను.

చెప్పలేదు. మరిచిపోయానా? అలా అనుకోవాలని ఎంత ప్రయత్నించానో! చెబితే అతను ఊరికి, నేను నీళ్లలోకి. విరిగిన ఎముకలు అతికించే పుత్తూరు కట్టు కట్టారు కదా, ముసలాయన కోలుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం మునిరత్నం "కొండ మింద నా పేరుతో గూడా ఒక దండం పెట్టప్పా" అని నవ్వుతూ సబ్‌మెరైన్‌లోకి దిగాడు. లోపలికి దిగాక ఇంటి కబురేదీ అందదు. తిరిగొచ్చేసరికి తండ్రి కర్మలు కూడా అయిపోయాయి.

తమ్ముడు ఫోను చేశానన్నాడు. పొలం కాజేయాలనే తనను పిలవలేదని మునిరత్నం పట్టుబట్టాడు. మా వైపు ఇలాంటి తగువు కాణిపాకంలోనే తేలాలి. తమ్ముడు తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేశాడు. ఫోను చేశాననీ, ఎత్తినవాడు మన యాసలోనే మాట్లాడాడనీ.

మునిరత్నం నా దగ్గరికి వచ్చాడు. "ఈడ మన మాట మాట్లాడేది మనిద్దరమే గదప్పా. నువ్వేమన్నా ఎత్తినావా?"

"లేదప్పా."

"అయితే వాడు దేవుని ముందరే అబద్ధం చెప్పినాడు" అన్నాడు. నా మాట మీద అంత నమ్మకం.

అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోలేదు. కరువులో తమ్ముడి బావి ఎండితే దొంగ ప్రమాణం తగిలిందన్నారు ఊళ్లో. ఆ ఏడు మా బావీ ఎండింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత కొన్నాళ్లకు మునిరత్నం పోయాడు. తమ్ముణ్ణి శవం దగ్గరికి రానివ్వలేదు. వాకిట్లోనే నిలబడి ఏడ్చాడు. పాడె మోసినవాళ్లలో నేనున్నాను. సిగ్గులేని భుజం, ఎలా మోసిందో! అప్పుడైనా నోరు విప్పి ఉంటే?

మా ఊరి నుంచి కాణిపాకం నడిచి వెళ్లేంత దూరం. అయినా ఆ గడప తొక్కలేదు. తమ్ముడు ఇంకా ఉన్నాడు. ఆయన గడపా తొక్కలేదు. ఇక్కడ కూడా నా పేరు రాయడం లేదు, పిరికివాణ్ణి. కానీ చరిత్రలో నా వంతు ఇదే. ఆ రోజు ఫోను వచ్చింది. ఎత్తింది నేను. తమ్ముడు చేసిన ప్రమాణం నిజం.