కారం లేని నలభై రోజులు

ఎమ్మెస్సీ రెండో ఏడాది ఫిబ్రవరిలో నాకు కామెర్లు వచ్చాయి. హైవే పక్కన ఉండే మా యూనివర్సిటీలో అప్పుడు నేను లేడీస్ హాస్టల్ మెస్ కమిటీ సెక్రటరీని. తిండి విషయంలో నా అంత నోరున్న మనిషి క్యాంపస్‌లో ఇంకొకరు లేరని పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. మాది పర్చూరు దగ్గర పల్లె, మిరప, పొగాకు వేసే ఇల్లు. పచ్చడి లేకుండా మా ఇంట్లో ఎవరూ మొదటి ముద్ద ఎత్తరు. అలాంటి నాకు కూడా క్యాంపస్ చుట్టూ దొరికే తిండి చూసి మతిపోయింది. మెయిన్ గేటు బయట టిఫిన్ బండి మీద ఒకావిడ పెసరట్టు వేసేది. అంచులు కరకరలాడేలా కాల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లి మడిచి, అల్లం పచ్చడితో చేతికిచ్చేది. రోడ్డు దాటితే రేకుల షెడ్డులో భోజనం. ముద్దపప్పు, గోంగూర, పండుమిరప పచ్చడి, గడ్డ పెరుగు. ఇంకాస్త పెట్టించుకోండని అడిగి మరీ వడ్డించేవాళ్ళు. లైబ్రరీ వెనక క్యాంటీన్లో సమోసా నిన్నటిదో మొన్నటిదో చెప్పడం కష్టం. కానీ సాయంత్రం నాలుగింటికి అక్కడ మిరపకాయ బజ్జీల వాసన లేచిందంటే క్లాసులో ఎవరికీ పాఠం తలకెక్కేది కాదు.

వీటన్నిటి మధ్య మా మెస్ సాంబారు నాకు ఆనేది కాదు. పల్చగా, ముక్క తగలకుండా ఉండేది. జనవరిలో ఒకరోజు వంద మంది అమ్మాయిల్ని వెంటేసుకుని, కంచాలు మోగిస్తూ వార్డెన్ మేడమ్ ఆఫీసు దాకా వెళ్ళాను. మేడమ్ వంట మాస్టారిని పిలిపించి మా అందరి ముందే గట్టిగా అడిగారు. ఆయనది చీరాల. మగ్గం మానేసి వంటలోకి వచ్చి ఇరవై ఏళ్ళయింది. తల వంచుకుని "చూస్తానమ్మా" అని వెళ్ళిపోయారు. గెలిచామని మేం చప్పట్లు కొట్టుకున్నాం.

సరిగ్గా నెల తిరిగేసరికి నాకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. అన్నం వాసనే పడలేదు. నాలుగో రోజు నా రూమ్మేట్ నా మొహాన్ని కిటికీ వైపు తిప్పి, "నీ కళ్ళు పచ్చగా ఉన్నాయే!" అంది. రోడ్డు పక్కన ఐసు వేసుకుని తాగిన చెరుకురసం వల్ల కావచ్చన్నారు హెల్త్ సెంటర్ డాక్టరు. కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలి. నూనె, కారం, వేపుళ్ళు మానెయ్యాలి. నెల పైనే పడుతుంది, ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు.

ఇంటి దగ్గర మిరపకోతలు. తెల్లారేసరికి అమ్మా నాన్నా చేలో ఉంటారు. వాకిలి దగ్గర్నుంచి ఎక్కడ చూసినా ఎండుమిరపకాయలే, ఆ ఘాటుకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే దగ్గుతారు. పైగా మూడు వారాల్లో ప్రాక్టికల్స్. ఫోన్లో అమ్మతో కాస్త జ్వరమని చెప్పి ఊరుకున్నాను.

రెండు రోజులు గదిలోనే బ్రెడ్డు, మజ్జిగతో గడిపాను. కింద మెస్సులోకి వెళ్ళి నాకు వేరే వండిపెట్టమని ఆ మాస్టారిని అడగడానికి నోరు రాలేదు. మూడో రోజు పొద్దున ఇక ఆకలి ఆగక, దారిలో రెండుసార్లు కూర్చుని లేచి గేటు దాకా నడిచాను.

"అక్కా, రెండు ఇడ్లీ. చట్నీ వద్దు," అన్నాను టిఫిన్ బండి ఆవిడతో.

ఆవిడ అట్లకాడ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "కళ్ళేంటమ్మాయ్ అట్టా ఉన్నాయి, పసుపు పూసినట్టు?"

"కామెర్లక్కా."

"అయ్యో రాత! మరి ఇంతదూరం ఎందుకొచ్చావు? మీ మెస్సు మాస్టారికి చెబితే పథ్యం వండి పెట్టడూ?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనక్కా?" అని కంచాల గొడవంతా చెప్పాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "ఈ బండి పెట్టకముందు ఆరేళ్ళు ఆ వంటింట్లోనే చేశాను నేను. నాకు అట్టు తిప్పడం నేర్పింది ఆయనే," అంది. పళ్ళెంలో ఉన్న ఇడ్లీలు పక్కకు జరిపి, "ఇయ్యి తెల్లారుజామున వేసినయ్యి, ఆగు" అంటూ నా కోసం మళ్ళీ వాయి వేసింది. పొగలు కక్కే ఇడ్లీ మీద పంచదార చల్లి ఇచ్చింది. వారం తర్వాత కడుపులో నిలిచిన మొదటి తిండి అది. తిన్నాక నన్ను నడవనివ్వలేదు. తెలిసిన ఆటో అతన్ని పిలిచి హాస్టల్ దగ్గర దింపి రమ్మంది.

ఆ మధ్యాహ్నమే వంటింట్లో పనిచేసే ఆవిడ మా గదికొచ్చి, మాస్టారు రమ్మంటున్నారని చెప్పింది. గోడ పట్టుకుని దిగాను.

"ఏమ్మా సెక్రటరీగారూ, వారం రోజులుగా అన్నానికి రావట్లేదంట. నా వంట మీద ఇంకా కోపం తగ్గలేదా?" అన్నారాయన.

జవాబు చెప్పబోతే ఏడుపొచ్చింది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. గేటు కాడ మనిషి ఫోన్ చేసి చెప్పింది. ముందు కూర్చో."

వంటింటి కిటికీ పక్కన చిన్న బల్ల, స్టూలు వేసి ఉన్నాయి. మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు, పాలు పోసి వండిన పొట్లకాయ కూర. తాలింపు లేదు, ఉప్పు, మిరియాల పొడి మాత్రమే. కంచం నా ముందు పెడుతూ ఆయన కాస్త ఇబ్బందిగా, "ఈ కంచం, గ్లాసు నీకే ఉంచుతాను. విడిగా కడిగిస్తాను. దూరం పెడుతున్నాననుకోకమ్మా. మూడొందల మంది పిల్లలు తినే వంటిల్లిది," అన్నారు.

"అట్లా ఏమీ అనుకోను మాస్టారూ."

మొదటి రోజుల్లో నోటికి ఏదీ తెలియలేదు. కారం తప్ప రుచంటూ లేదనుకుని పెరిగిన నాలుక నాది. రెండో వారానికి మెల్లగా తెలియడం మొదలైంది. అన్నంలోనే కాస్త తీపి ఉంటుందని, లేత బీరకాయకీ ముదురు బీరకాయకీ వాసనలో తేడా ఉంటుందని నాకు ఇరవై రెండేళ్ళకు తెలిసింది. ఆయన వరసగా రెండు రోజులు ఒకే కూర పెట్టలేదు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, కొత్తిమీర వేసిన చారు, వాము వేసిన మజ్జిగ. ప్రాక్టికల్స్ రోజుల్లో సీసాలో బార్లీ జావ పోయించి ల్యాబుకు పంపేవారు. మూడొందల మందికి వండుతూ ఒక్క మనిషికి ఇలా వండటం ఎంత పనో, రోజూ పక్కనే కూర్చుని చూశాను కాబట్టి చెప్పగలను.

అలా చూస్తుండగానే సాంబారు సంగతి బయటపడింది. పన్నెండున్నరకు గంగాళం నిండా చిక్కటి సాంబారు ఉండేది. ములక్కాడ, గుమ్మడి, ముల్లంగి ముక్కలు పైకే కనబడుతుండేవి. ఒంటిగంటన్నర అయ్యేసరికి అడుగుకొచ్చేది. అమ్మాయిలు స్నేహితుల్ని కూడా తెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు ఆయన అందులో మరిగిన నీళ్ళు, చింతపండు పులుసు పోస్తుంటే అడిగేశాను.

"నీళ్ళెందుకు మాస్టారూ?"

"ఇప్పుడొచ్చేది ల్యాబు పిల్లలమ్మా. ఒక పొయ్యి మీద అన్నం, ఒక పొయ్యి మీద కూర. ఈ టైములో మళ్ళీ పప్పు ఎక్కడ ఉడకేసేది? లేదని పంపించనా?"

నాది కెమిస్ట్రీ. ఒంటిగంటన్నర ముందు ఏనాడూ ల్యాబు వదల్లేదు. రెండేళ్ళుగా నేను తిన్నదంతా ఆ చివరి సాంబారే. ముందు వచ్చి తినేవాళ్ళు కంచాలు ఎందుకు మోగించారో వాళ్ళకే తెలియాలి. నేను మోగించమన్నానని మోగించారు.

"ఆరోజు మేడమ్ ముందు ఈ మాట చెప్పొచ్చు కదా?" అన్నాను.

"అంతమందిలో నాకు మాట రాదమ్మా. కోపం మాత్రం వచ్చింది. ఆరోజు సాయంత్రం కూరలో ఉప్పేయడం కూడా మర్చిపోయాను."

"క్షమించండి మాస్టారూ," అన్నాను. ఆయన వినబడనట్టు గరిటె తిప్పుకుంటూ, "మజ్జిగ తాగావా?" అని అడిగారు.

మార్చి నెల కమిటీ మీటింగులో నేనే లేచి మాట్లాడాను. మాస్టారికి ఇంకో పొయ్యి కావాలని, ల్యాబు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళకు విడిగా చిన్న గిన్నెలో పప్పు ఉడకేయాలని అడిగాను. జనవరిలో నా వెనక నడిచిన అమ్మాయిలు నావైపు విచిత్రంగా చూశారు. వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు. మూతపడ్డ పాత హాస్టల్లో వాడకుండా ఉన్న పొయ్యి ఒకటి బాగుచేయించి తెప్పించారు. మొదటిసారి నా క్లాసు అమ్మాయిలు ఒంటిగంటన్నరకు ములక్కాడ నములుతుంటే నా పెసరకట్టు నాకు ఇంకా బాగుంది.

నలభై రోజులకు రక్తపరీక్ష మామూలుగా వచ్చింది. కాగితం పట్టుకుని తిన్నగా వంటింట్లోకి పరిగెత్తి పండుమిరప పచ్చడి అడిగాను. మాస్టారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవాళ్టికి కరివేపాకు పొడి, చిటికెడు," అన్నారు. బండి దగ్గర అక్క అంతకంటే గట్టిది. పెసరట్టు మీద ఒక్కటంటే ఒక్క పచ్చిమిర్చి ముక్క వేసి, "రేపు రెండు," అంది. ఆ ఒక్క ముక్కకే నా కళ్ళ నీళ్ళు కారాయి. మిరప చేలల్లో పుట్టిన పిల్లనని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

వేసవిలో ఇంటికెళ్ళాక అమ్మకు జరిగిందంతా చెప్పాను. కబురు చేయనందుకు చాలాసేపు తిట్టింది. తర్వాత మాస్టారు పొట్లకాయలో పాలు ఎప్పుడు పోసేవారో, ముక్క ఉడికాకా ముందా అని రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

అలా ఇంటికి వచ్చేయకముందు, హాస్టల్ ఖాళీ చేసేలోగా కమిటీలో నేను చేయించిన ఆఖరి తీర్మానం, రోజుకు ఒక పథ్యం కూర ఉండాలని. కిటికీ పక్కన బల్ల అలాగే ఉంచారు. మొదటి రోజు ఎవరూ రారేమోనని నేనూ మాస్టారూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. నలుగురు వచ్చి కూర్చున్నారు. ఒకమ్మాయికి జ్వరం. ఒకమ్మాయికి పన్ను పీకారు. ఒకమ్మాయికి కడుపులో మంట. నాలుగో అమ్మాయిని ఏం జబ్బని అడిగితే, ఏమీ లేదంది. పొట్లకాయ కూర ఇష్టమట.